గదినిండా పరాయి సొత్తు

"నాన్నా, తలుపు తియ్యి!"

లోపల స్క్రూ బిగిస్తున్న చప్పుడు వినిపించింది.

"వీధంతా చూస్తోంది నాన్నా! పరువు పోతోంది!"

"పోతే పట్టుకురా, చూస్తాను. బాగుచెయ్యలేనిది ఇంతవరకూ నా చేతికి రాలేదు," అన్నాడు మామగారు లోపల్నుంచి.

కోడలు అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వితే మొగుడు తన మీద విరుచుకుపడతాడు. అసలు ఈ గొడవంతా తన కోసమే.

వీధిలో పాత సామాన్లతని వ్యాను ఆగి ఉంది. పిలిపించింది ఆమె భర్త. తండ్రికి చెప్పకుండా పిలిపించాడు. తండ్రి వరండాలో టీ తాగుతూ వ్యాను మలుపు తిరగడం చూశాడు. గ్లాసు కింద పెట్టాడు. మూడో గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాడు. అప్పట్నుంచీ ఇదే వరస.

ఆ ఇంట్లో గదులు మూడు. ఒకదాంట్లో అత్తమామలు. ఒకదాంట్లో భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. మూడోదాంట్లో మనుషులు పట్టరు. నేల నుంచి కప్పు దాకా మిక్సీలు, ఫ్యాన్లు, ఇస్త్రీపెట్టెలు, రేడియోలు, టీవీలు. వరండాలో కూర్చుని రిపేర్లు చేసే మామగారి వృత్తంతా అక్కడ పేరుకుంది. మూసిన గదే కదా అని ఇన్నాళ్ళూ సర్దుకున్నారు. కిందటి వారం డాక్టరు కోడలి కడుపు మీద పరికరం ఆనించి, తెర వైపు చూసి, ఒకరు కాదమ్మా, ఇద్దరున్నారు అంది. ఇంటికి రాగానే ఆ గది మీద యుద్ధం మొదలైంది.

అత్తగారు తలుపు దగ్గరికి వచ్చింది. "ఏవండోయ్, టీ సగంలో వదిలేశారు. మళ్ళీ పెట్టనా?"

"పెట్టు."

"తలుపు తీస్తేనే."

"అయితే వద్దు."

అత్తగారు కోడలి వైపు తిరిగింది. "టీ వద్దన్నారంటే మొండికెత్తినట్టే. మా పెళ్ళయిన కొత్తలో ఒకసారి ఇలాగే..."

"అమ్మా, నీ పెళ్ళి కథ తరవాత!" అన్నాడు కొడుకు.

"నా పెళ్ళి జరక్కపోతే నువ్వెక్కడుండేవాడివిరా?"

పాత సామాన్లతను వ్యాను నీడలో గొంతుక్కూర్చున్నాడు. ఇలాంటి తగాదాలు అతనికి రోజూ ఉండేవే. పాత వస్తువు బయటికి వెళ్ళేటప్పుడు ఎవరో ఒకరు గుమ్మానికి అడ్డం పడతారు. గంట ఆగితే వాళ్ళే జరుగుతారు. అతను గంట ఆగడానికి సిద్ధపడే వచ్చాడు.

కోడలు నడుం నొప్పికి నిలబడలేక మెట్ల మీద కూర్చుంది. ఊరికే కూర్చోలేక అతన్ని పలకరించింది.

"ఇవన్నీ పట్టుకెళ్ళి ఏం చేస్తావయ్యా?"

"రాగి తీస్తామమ్మా. వైర్లు కాలిస్తే పైన ప్లాస్టిక్ పోతుంది. లోపల రాగి మిగులుతుంది."

"ఎక్కడ కాలుస్తారు?"

ఆమె వేళాకోళం ఆడుతోందేమోనని అతను ఒకసారి చూశాడు. తరవాత వేలు పెట్టి ఇంటి లోపలికి చూపించాడు. హాలు దాటి, వంటిల్లు దాటి, వంటింటి కిటికీ దాటి.

"మీ వెనకేనమ్మా. కాలువ పక్కన. పొద్దున్నే నల్లగా లేస్తుంది చూడండి, ఆ పొగ మాదే."

ఎవరైనా తమ ఇంటిని చూపించి ఆ మేడ మాదే అన్నట్టు చెప్పాడు. గర్వం కాదు. దాచుకోవలసింది ఏమీ లేదు, అంతే.

ఆ కిటికీ తెరిచి ఎన్నేళ్ళయిందో కోడలికే గుర్తులేదు. చెత్త కాలుస్తున్నారని పురపాలక సంఘానికి వెళ్ళి పోట్లాడి వచ్చింది. చిన్నాడి దగ్గుకు ఇద్దరు డాక్టర్లను మార్చింది. దిండు దులిపింది, దుప్పటి ఉతికింది, పక్కింటి పిల్లి మీద నేరం మోపింది. ఆ పిల్లి పాపం ఆ ఇంటి ఛాయలకు రావడం మానేసింది.

"మీకు పిల్లలున్నారా?" అని అడిగింది.

"ముగ్గురమ్మా."

"దగ్గుతారా?"

"దగ్గుతారు. అలవాటైపోయింది."

ఆమె మెల్లగా లేచి మూడో గది తలుపు దగ్గరికి వెళ్ళింది.

"మామయ్యా, వైర్లు మన వెనకే కాలుస్తారని మీకు తెలుసా?"

స్క్రూ చప్పుడు ఆగింది. "తెలుసు."

"ఒక్కసారి కూడా చెప్పలేదే?"

"నువ్వు అడగలేదు. నువ్వడిగిందల్లా గది."

ఆ మాట సూటిగా వచ్చి తగిలింది. ఆమె తిరిగి వెళ్ళి పాత సామాన్లతనితో, "ఇవాళ్టికి వెళ్ళిరా అయ్యా," అంది.

భర్త నెత్తి పట్టుకున్నాడు. "వెళ్ళిరావడమేంటి? నిన్నటి దాకా గది గది అని నా ప్రాణం తీసింది నువ్వు కాదూ?"

"నేనే."

"మరిప్పుడో?"

"ఇప్పుడూ గదే కావాలి. పొగ వద్దు."

"రెండూ ఒక్కసారి ఎలా కుదురుతాయే?"

"కడుపులో ఇద్దరు ఒక్కసారి కుదిరారుగా," అంది.

అత్తగారు పకపకా నవ్వింది. లోపల్నుంచి కూడా చిన్న దగ్గు వినిపించింది. అది దగ్గు కాదని అందరికీ తెలుసు. గడియ తీసిన చప్పుడైంది.

కోడలు మొట్టమొదటిసారి ఆ గదిలో నాలుగడుగులు వేసింది. చీకటి, ఇనుప వాసన. ఒక దాని మీద ఒకటి ఎక్కి కూర్చున్న యంత్రాలు.

"ఇవన్నీ ఎవరివి మామయ్యా?"

"ఎవరివి వాళ్ళవి. ఇందులో నాది ఒక్కటీ లేదు. అన్నీ పరాయి సొత్తే."

"పనిచేస్తాయా?"

మామగారికి ఒళ్ళు మండింది. "నువ్వేమనుకున్నావు? శవాల కొట్టు అనుకున్నావా?"

గోడ మీది ప్లగ్గులోంచి ఒక పొడుగాటి వైరు లాగాడు. దానికో బోర్డు. ఆ బోర్డుకు ఇంకో బోర్డు. చకచకా అందినవన్నీ తగిలించి మీట నొక్కాడు. ఫ్యాన్లు తిరిగాయి. మిక్సీలు అరిచాయి. ఒక రేడియో వాతావరణం చెప్పింది, ఇంకో రేడియో పాట ఎత్తుకుంది. దుమ్ము లేచి గిరగిరా తిరిగింది. పిల్లలిద్దరూ పరుగెత్తుకొచ్చి గుమ్మంలో గంతులేశారు. మామగారు ఆ హోరు మధ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

టప్పుమని ఫ్యూజు పోయింది. ఇంట్లో అన్నీ ఆగిపోయాయి.

"ఇప్పుడు తృప్తేనా?" అంది అత్తగారు వంటింట్లోంచి.

"మరి ఎందుకు తీసుకెళ్ళలేదు వీళ్ళంతా?" అని అడిగింది కోడలు.

"నాల్రోజులు పడుతుందన్నాను. నాల్రోజులు ఆగలేక కొత్తది కొన్నారు. బాగుచేశాకే డబ్బు పుచ్చుకోవడం నా పద్ధతి. కాబట్టి మళ్ళీ ఈ గుమ్మం ఎక్కే అవసరం వాళ్ళకి లేదు." ఆయన ఒక మిక్సీ మీద దుమ్ము తుడిచాడు. "జనం పెరిగిపోయారని గోల పెడతారు. జనానికేం, కూడు తిని ఓ మూల పడుకుంటారు. ఒక్కొక్కడి వెనకా పది పెట్టెలు పెరిగాయి. ఆ పెట్టెలు ఎక్కడ పడుకోవాలి?"

"మా ఇంట్లో," అన్నాడు కొడుకు, గొంతులో విషం కలిపి.

కోడలు ఆ మాట పట్టించుకోలేదు. "ఎవరివి వాళ్ళకి ఇచ్చేద్దాం మామయ్యా."

"ఇంటింటికీ నేను తిరగనా? నేను నోరు విప్పితే సామాను కాదు, తలకాయలు పగులుతాయి."

"నేనొస్తాను. మాట్లాడేది నేను. డాక్టరు ఎలాగూ సాయంత్రం నడవమంది."

*

పళ్ళమ్మేవాడి తోపుడుబండి సాయంత్రాలకు అద్దెకు తెచ్చారు. మామగారు తోస్తాడు. కోడలు పక్కన నడుస్తుంది. ఆమె కరెంటు ఆఫీసులో ఫిర్యాదుల కౌంటరు దగ్గర పనిచేస్తుంది. బిల్లు తప్పొచ్చిందని బల్ల మీద గుద్దేవాణ్ణి కూడా నవ్వుతూ ఇంటికి పంపగల మనిషి. ప్రసవానికి సెలవు పెట్టింది గాని ఆ గొంతుకు సెలవు లేదు.

చిక్కల్లా మామగారి జ్ఞాపకంతో వచ్చింది. ఆయనకు మనుషుల పేర్లు గుర్తుండవు. రోగాలు గుర్తుంటాయి.

"ఈ ఫ్యాను ఎవరిది మామయ్యా?"

"మెడ వాల్చేసేవాడిది."

"ఫ్యానా, మనిషా?"

"ఫ్యానే. మనిషి మెడ బాగానే ఉంటుంది. కళ్ళజోడు. లెక్కలు చెప్తాడు."

అలా లెక్కల మాస్టారి ఇల్లు దొరికింది. మాస్టారు గుమ్మంలోనే రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "అయ్యో, ఇప్పుడెందుకమ్మా? కొత్తది కొనేశాం. అది నచ్చక ఇంకోటి కొన్నాం. ఇది ఎక్కడ పెట్టమంటావు?"

"మీ ఫ్యానే కదండీ?"

"మాదే అనుకో."

"మీది మీ ఇంట్లో పట్టకపోతే మా ఇంట్లో ఎలా పడుతుందండీ? మాకు ఇద్దరు వస్తున్నారు."

మాస్టారు ఆమె కడుపు వైపు చూశాడు. జీవితంలో ఎన్ని లెక్కలు చేశాడో గాని ఆ లెక్క ముందు ఓడిపోయాడు. ఫ్యాను పుచ్చుకున్నాడు.

కుట్టుపని చేసే ఆవిడ ఇస్త్రీపెట్టె వద్దంటే వద్దంది. "నాకిప్పుడు ఆవిరి వచ్చేది ఉంది."

"దీనికీ వస్తుంది, కోపం వస్తే," అన్నాడు మామగారు.

"మామయ్యా, మాట్లాడేది నేను," అంటూ కోడలు ఇస్త్రీపెట్టె ఆవిడ చేతిలో పెట్టేసింది.

మేడ మీది వకీలు తలుపే తియ్యలేదు. లోపల టీవీ మోగుతూనే ఉంది. కోడలు మెట్లెక్కి ఆయాసంతో గుమ్మం ముందు నిలబడింది. "కాసిని మంచినీళ్ళు ఇస్తారా?" అంది గట్టిగా.

తలుపు తెరుచుకుంది. చూలాలు నీళ్ళడిగితే తలుపు తియ్యనివాడు ఆ వీధిలో లేడు. అంత మర్యాద ఇంకా మిగిలే ఉంది. వకీలు గ్లాసు కోసం లోపలికి వెళ్ళి వచ్చేసరికి ఆయన పాత టీవీ గుమ్మంలో కూర్చుని ఉంది.

ఆ ఉపాయం రెండు సాయంత్రాలు బ్రహ్మాండంగా పనిచేసింది. మూడో సాయంత్రానికి వీధి తెలివి మీరింది. బండి మలుపు తిరిగేసరికి ఇంటింటి గేటు మీదా నీళ్ళ సీసా పెట్టి ఉంది. లోపల అందరూ గడియలు పెట్టుకున్నారు.

కోడలు వీధి మధ్యలో నిలబడి ఆ సీసాలన్నీ చూసింది. చూసి చూసి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వు ఆగక బండి పట్టుకుంది. మామగారు కంగారుపడ్డాడు. "నెమ్మదిగా అమ్మాయ్, లోపల పిల్లలున్నారు!" అని, తానూ నవ్వు పట్టలేక బండి వదిలేశాడు. బండి దానంతటదే వెనక్కి దొర్లి ఓ గేటుకు తగిలి ఆగింది. ఆ ఇంటి ముసలావిడ బయటికొచ్చి చూసి, "ఇది మా రేడియో కదూ!" అని తనంతట తానే చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. అడక్కుండా తీసుకెళ్ళింది ఆవిడొక్కతే.

గది సగం ఖాళీ అయింది. ఆ పూట భోజనాల దగ్గర ఇంట్లో వాళ్ళంతా మాట్లాడుకున్నారు, ఒకరి మీద ఒకరు అరవకుండా. భర్త కూడా నవ్వాడు. మామగారు రెండోసారి వడ్డించుకున్నాడు.

తెల్లారేసరికి ఆ సంతోషం గుమ్మంలోనే కూలబడింది.

*

పాత సామాన్లతని వ్యాను వచ్చి ఆగింది. పిలవకుండా వచ్చింది. వెనక తలుపు తీసి అతను ఒక్కొక్కటీ మెట్ల మీద పెట్టాడు. మెడ బాగైన ఫ్యాను. వకీలు టీవీ. నాలుగైదు మిక్సీలు. చివర ఇస్త్రీపెట్టె.

"మీ సరుకేనమ్మా," అన్నాడు. "మీరు వీధిలో దించుతుంటే వాళ్ళు నన్ను పిలిచి నా వ్యానులో పడేస్తున్నారు."

కోడలు ఆ వస్తువుల వైపు చూసింది. ఇన్ని మెట్లెక్కి దిగి, ఇన్ని గ్లాసుల నీళ్ళు తాగి, తాను పట్టుకెళ్ళి ఇచ్చింది పొగకే.

మామగారు తిడితే బాగుండుననిపించింది ఆమెకు. ఆయన వరండా చివర ముక్కాలి పీట మీద కూర్చుని చేతులు చూసుకున్నాడు. అత్తగారు టీ తెచ్చి పక్కన పెట్టింది. తాగలేదు.

"చూశారా? నేను మొదటే చెప్పాను," అని కొడుకు మొదలుపెట్టాడు. తల్లి చూసిన చూపుకు మిగతాది మింగేశాడు.

"మరి వెనక్కి ఎందుకు తెచ్చావయ్యా?" అని అడిగింది కోడలు. "కాల్చెయ్యలేకపోయావా?"

పాత సామాన్లతను ఇబ్బందిగా నవ్వాడు. "కాల్చబోయానమ్మా. మా ఆవిడ ఇస్త్రీపెట్టె ఓసారి తగిలించి చూద్దామంది. వేడెక్కింది. నా వ్యానులోకి పనిచేసే వస్తువు రావడం ఇదే మొదలు. చెడిపోయినదాని కడుపు కొయ్యడం అలవాటే. బతికున్నదాన్ని కొయ్యడానికి చెయ్యి రాలేదు."

మామగారు తలెత్తాడు.

"ఇస్త్రీపెట్టె మా ఆవిడకి కావాలిట," అన్నాడతను. "అడగమంది. ఫ్యాను పక్కవాళ్ళకి కావాలిట. అసలు మా కాలువ అవతల అందరికీ కావాలి. వారానికో కుటుంబం దిగుతోంది అక్కడ. చవకరకం ఫ్యాను కొంటారు, ఒక్క ఎండాకాలం తిరిగి చస్తుంది. మళ్ళీ నా దగ్గరికే వస్తుంది. ఇవి నాకిప్పిస్తే అక్కడ అమ్ముకుంటాను, రాగికి వచ్చేదానికన్నా నాకు ఎక్కువే గిట్టుబాటవుతుంది."

"ఇవి నన్నడగడమేంటి?" అన్నాడు మామగారు. "వాళ్ళు నీకిచ్చారు. ఇప్పుడివి నీ సొత్తు. పట్టుకెళ్ళు."

"లోపలున్నవో మామయ్యా?" అంది కోడలు.

"లోపలున్నవి వాళ్ళవి. సొంతదారు నోటితో వద్దనాలి. నా ముఖాన అనాలి."

ఆయనకు ఆ పట్టుదల ఎందుకో ఆమెకు తట్టింది. ఒకడు మనసు పెట్టి బాగుచేసినదాన్ని ఇంకొకడు చూడను కూడా చూడకుండా వదిలేశాడు. కనీసం వద్దని వచ్చి చెప్పనీ. అంతమాత్రం అడిగే హక్కు ఆయనకుంది.

ఆ సాయంత్రం ఆమె బండి లేకుండా వెళ్ళింది. గేటు బయటినుంచే కేక పెట్టింది. "ఏమీ దించనండీ! మీ సామాను మీకు అక్కర్లేకపోతే మా ఇంటికొచ్చి మామయ్యతో ఒక్క మాట వద్దని చెప్పి వెళ్ళండి! మీరే రావాలి!"

అది ఎంత కష్టమో వాళ్ళకు గుమ్మం ఎక్కాక గాని తెలియలేదు. వకీలుది ఓ మిక్సీ కూడా లోపల మిగిలింది, తన నౌకరును పంపాడు. మామగారు వెనక్కి పంపేశాడు. చివరకు వకీలే వచ్చాడు. కోర్టులో గంటలకొద్దీ వాదించేవాడు పీట మీద కూర్చున్న ముసలాయన ఎదుట నీళ్ళు నమిలాడు.

"అంటే... మిక్సీ... ప్రస్తుతానికి..."

"కావాలా, వద్దా?"

"వద్దండీ."

"ఎందుకు వద్దు?"

"కొత్తదుంది."

"ఇది తిరుగుతుంది. చూస్తారా?"

తిప్పి చూపించాడు. వకీలు అది తిరిగినంతసేపూ నిలబడి చూశాడు. తరవాత ఎవరూ అడక్కుండానే, "పట్టుకెళ్తాను లెండి. కొత్తది రోజూ కాలిన వాసనేస్తోంది," అన్నాడు.

అలా ఇద్దరు ముగ్గురు తీసుకెళ్ళారు. మిగతావాళ్ళు తల వంచుకుని వద్దని వెళ్ళారు. వాళ్ళు వద్దన్నవన్నీ వ్యానెక్కి కాలువ దాటాయి.

కాలువ పక్కన పొగ ఆగిపోలేదు. కాల్చేవాడు పాత సామాన్లతనొక్కడే కాదు. సన్నబడింది, అంతే. కోడలు ఓ ఉదయం వంటింటి కిటికీ వేలెడంత తెరిచింది. వాసన చూసి మూసేసింది. మర్నాడు మళ్ళీ తెరిచింది.

*

గది ఖాళీ అయింది.

అత్తగారు గోడలకు తెల్ల సున్నం వేయించింది. పిల్లలు ఆ గదిలో కేకేసి తమ గొంతు తిరిగి రావడం విని మురిసిపోయారు. కోడలు చల్లటి నేల మీద చాప పరిచి వెల్లకిలా పడుకుని కప్పు వైపు చూసింది. ఆ ఇంట్లో కప్పు అంత ఎత్తులో ఉంటుందని ఆమెకు అప్పటిదాకా తెలియదు.

"ఇద్దరూ ఆ మూల," అంది కడుపు మీద చెయ్యి వేసుకుని. "నేను ఈ మూల. మీరు వాకిట్లో."

"నేనేం చేశానే?" అన్నాడు భర్త.

"ఇద్దర్ని చేశారు. చాలదూ?"

మర్నాడు పొద్దున్న మెట్ల దగ్గర ఒకావిడ నిలబడి ఉంది. చంకలో పిల్ల, చేతిలో మాడిపోయిన బల్ల ఫ్యాను. కాలువ అవతలి మనిషి. వెనక ఇంకో ఇద్దరున్నారు. ఒకడి చేతిలో రేడియో, ఒకడి చేతిలో ఏదో తీగల కుప్ప.

"ఇక్కడ బాగుచేస్తారటగా?"

మామగారు ఫ్యాను వైపు చూశాడు. ఆ చూపు కోడలికి తెలుసు. ఆకలి మీదున్నవాడు విస్తరి వైపు చూసే చూపు అది. ఆయన ఖాళీ గది వైపు తిరిగి, మళ్ళీ ఇటు తిరిగాడు.

"తీసుకోను తల్లీ," అన్నాడు. "పెట్టుకోవడానికి చోటు లేదు."

ఆ మాట ఆయన నోట రావడం ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వినలేదు. అత్తగారు వంటింట్లోంచి గరిటెతో సహా బయటికొచ్చింది.

వచ్చినావిడ "సరేలెండి," అంది. బతిమాలడం అలవాటు లేని మనిషి. వెనక్కి తిరిగింది. ఆ ఫ్యాను ఎక్కడికి వెళ్తుందో కోడలికి తెలుసు.

"ఆగమ్మా," అంది. "మామయ్యా, చోటు ఎందుకు లేదు? వరండా ఉందిగా. వస్తువు వదిలి వెళ్ళకూడదు, అంతే. మీరు బాగుచేసేదాకా మనిషి పక్కనే కూర్చోవాలి. అవగానే పట్టుకుపోవాలి."

"నా నెత్తి మీద కూర్చుంటే పని సాగుతుందా?"

"వదిలిపెట్టి వెళ్తే గది నిండుతుంది."

మామగారు గొణిగాడు. గొణుగుతూనే పీట జరిపాడు.

ఇక చూడాలి ఆ వరండా సంగతి. పొద్దున్నే వచ్చి కూర్చునేవాళ్ళు. వస్తువు ఒళ్ళో పెట్టుకుని వంతుకోసం ఎదురు చూసేవాళ్ళు. ఖాళీగా ఉన్నవాడి చేతికి మామగారు స్క్రూలు అందించే పని పెట్టేవాడు. కుట్టుపని చేసే ఆవిడ ఆవిరి ఇస్త్రీపెట్టె పట్టుకుని రెండో వారానికే వచ్చింది. అది ఆవిరి మానేసిందట. మామగారి ముఖమే చాలా మాటలు అంది. అత్తగారికి ఇన్నేళ్ళకు వినేవాళ్ళు దొరికారు. పెళ్ళయిన కొత్తలో ఆయన దేనికి మొండికెత్తాడో కాలువ అవతలివాళ్ళందరికీ తెలిసిపోయింది. కన్నకొడుక్కి మాత్రం ఇంకా తెలియదు.

*

ఆ రోజు వరండా కిటకిటలాడుతుండగా వీధిలో లారీ ఆగింది.

ముందు సీట్లోంచి కోడలి భర్త దిగాడు. యంత్రాలమ్మే దుకాణంవాళ్ళ గిడ్డంగిలో పనిచేస్తాడతను. రోజూ ఎవరి ఇళ్ళకో పెట్టెలు ఎక్కిస్తాడు. ఇవాళ తన ఇంటికి ఎక్కించుకుని వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. డ్రైవరూ తనూ కలిసి దించి అట్ట విప్పారు.

తెల్లటి బట్టలుతికే యంత్రం. గుండ్రటి గాజు తలుపు. ఎండలో తళతళా మెరుస్తోంది.

"నీకే," అన్నాడు భర్త. "ఇద్దరి గుడ్డలు నువ్వెక్కడ ఉతుకుతావు? నీ నడుం పట్టుకుని లేస్తుంటే చూడలేకపోయాను. ఆదివారాలు కూడా పనికెళ్ళి కొన్నాను."

ఆదివారాలు ఎక్కడికి పోతున్నాడోనని కోడలు ఇన్నాళ్ళూ లోలోపల అనుమానపడింది. ఆ అనుమానం తలుచుకుని సిగ్గు పడింది. యంత్రం మీద అరచెయ్యి ఆనించింది. చల్లగా, నున్నగా ఉంది. ఆమెకు అది కావాలి. ఎవరేమన్నా కావాలి. బకెట్టు ఎత్తని నడుంవాళ్ళు ఆమెకు నీతులు చెప్పనక్కర్లేదు.

మామగారు పీట మీంచి లేచి వచ్చాడు. యంత్రం చుట్టూ ఒకసారి తిరిగాడు. వెనక రేకు వేళ్ళతో తడిమాడు. వంగి అడుగున చూశాడు.

"దీనికి స్క్రూలు లేవురా," అన్నాడు. "అంతా అతుకే. విప్పడానికి దారి పెట్టలేదు. ఒక్క చక్రం పోతే మొత్తం పారెయ్యడమే."

"వచ్చిన రోజే దాని చావు గురించి మాట్లాడాలా నాన్నా?"

"నేను మంచి రోజు చూసి మాట్లాడే మనిషిని కాదు."

"ఈ ఇంట్లో నేనేం చేసినా తప్పే!" భర్త విప్పిన అట్టను నేలకేసి కొట్టాడు. "లోకమంతా ఉతుక్కుంటోంది. నా పెళ్ళాం ఉతుక్కుంటే కాలువలు ఎండిపోతాయా?"

వరండాలో స్క్రూలు అందించేవాళ్ళు కూడా ఆగిపోయారు. మామగారు కోడలి వైపు చూశాడు. భర్తా చూశాడు. ఇద్దరికీ జవాబు ఆమే చెప్పాలి.

"లోపలికి తెండి," అంది.

భర్త ముఖం విచ్చుకుంది. డ్రైవరు ఒక కొస, అతనో కొస పట్టి ఎత్తారు. మామగారు పక్కకు తొలిగాడు. మెట్లెక్కి గుమ్మం దాకా వచ్చేసరికి కోడలు అడ్డంగా నిలబడింది.

"ఒక్క మాట. ఇది చెడిపోతే మీ దుకాణంవాళ్ళు వెనక్కి తీసుకెళ్తారా?"

డ్రైవరు బరువు మోస్తూనే నవ్వాడు. "చెడిపోతే కొత్తది కొంటారమ్మా."

"ఇదేం చెయ్యాలి?"

"అది మీ ఇష్టం."

"నా దగ్గరికి వస్తుందమ్మా," అన్నాడు పాత సామాన్లతను వరండా మూల నుంచి, ఎప్పటిలాగే మెత్తగా. "ఏదైనా చివరికి నా దగ్గరికే."

"వెనక్కి తీసుకెళ్తారా, తీసుకెళ్ళరా?" అని మళ్ళీ అడిగింది కోడలు.

"ఇంతవరకూ ఎవరూ అడగలేదమ్మా!"

"నేను అడుగుతున్నాను. మీ యజమాని నంబరు చెప్పు."

డ్రైవరు చేతులు రెండూ నిండి ఉన్నాయి. గడ్డంతో చొక్కా జేబు చూపించాడు. ఆమె అందులోంచి ఫోను తీసి, అతను చెప్పిన పేరు వెతికి నొక్కింది. అవతల మోగడం మొదలైంది. గరిటె పట్టుకుని అత్తగారు, ఫ్యాను పట్టుకుని కాలువ అవతలావిడ, అందరూ ఆ ఫోను వైపే చూస్తున్నారు.

"చేతులు లాగేస్తున్నాయే!" అన్నాడు భర్త. "దించనీ!"

అవతల ఎవరో ఫోను ఎత్తారు.

"జవాబు వచ్చేదాకా కింద పెట్టకండి," అంది కోడలు.